తెలుగు సారుకి నేను అమ్మిన ల్యాప్‌టాప్

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద, మెట్లెక్కి పైకి వెళితే వచ్చే ఒక కంప్యూటర్ల దుకాణంలో నేను పన్నెండేళ్ళు ల్యాప్‌టాప్‌లు అమ్మాను. అంతకుముందు కొత్తపేటలో టైపు నేర్పేవాణ్ణి. టైపు మిషన్లు పాత ఇనుము బండ్లెక్కాక, వేళ్ళతో బతికినవాణ్ణి నోటితో బతకడం నేర్చుకుని సేల్స్‌లోకి వచ్చాను. ఇప్పుడు రిటైరై నాగోల్‌లో ఉంటున్నాను. మా అపార్టుమెంటులో ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళు షోరూముల్లో పని చేస్తున్నారు. లిఫ్టులో కనిపించినప్పుడల్లా "అంకుల్, మీ అనుభవం ఏదైనా చెప్పండి" అంటారు. వాళ్ళు అడిగేది కస్టమరుని ఎలా ఒప్పించాలని. నాకు బాగా గుర్తున్నది నేను ఒప్పించిన ఒక కస్టమరే. అందుకే లిఫ్టులో చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.

ల్యాప్‌టాప్ కొనడానికి వచ్చేవాళ్ళలో సగం మందికి తమకేం కావాలో తెలియదు. ఒకాయన సోఫా రంగుకి కలిసేది కావాలన్నాడు. ఇంకొకాయన, కొడుకు మార్కులు అడిగినట్టు, "దీనికెన్ని జీబీలు వచ్చాయి?" అని అడిగాడు. నేను మాత్రం అందర్నీ అవే ప్రశ్నలు అడిగేవాణ్ణి. రోజూ ఎంత దూరం మోస్తారు? ఒళ్ళో పెట్టుకుంటారా, బల్ల మీదా? కరెంటు లేని చోట ఎంతసేపు కావాలి? లోపల పెట్టేది పోతే మళ్ళీ తెచ్చుకోగలరా? ఈ నాలుగింటికీ జవాబు తెలిస్తే ఏ మిషను ఇవ్వాలో దానంతటదే తేలిపోతుంది. నన్ను మంచి సేల్స్‌మన్ అన్నారంటే ఆ ప్రశ్నల వల్లే.

తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులవి. సమ్మె మొదలై బస్సులు ఆగిపోయాయి. బొగ్గు గనుల వాళ్ళు కూడా సమ్మెలో ఉండటంతో కరెంటు ఎప్పుడు పోయి ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలిసేది కాదు. కోచింగ్ సెంటర్ల పిల్లలు ఊరేగింపుగా వస్తుంటే షట్టరు సగం దించి, లోపల నిలబడి చూసేవాళ్ళం. నాది గుంటూరు వైపు. ఇరవై ఏళ్ళకు పైగా ఇక్కడే ఉన్నా, నోరు తెరిస్తే ఊరు బయటపడుతుంది. అందుకని ఆ నెలల్లో రోడ్డు మీద తక్కువ మాట్లాడేవాణ్ణి. మాటలమ్ముకుని బతికేవాడికి అదొక విచిత్రమైన ఉపవాసం.

దుకాణంలో ముగ్గురం. కౌంటర్లో నేను, బిల్లింగులో ఒకమ్మాయి, వెనక సర్వీసు బల్ల దగ్గర రిపేర్లు చేసే ఒకతను. అతనిది హయత్‌నగర్. ముప్పై ఏళ్ళుంటాయి. నన్ను అన్నా అని పిలిచేవాడు. మధ్యాహ్నాలు ఎల్.బి.నగర్ చౌరస్తాలో వంటావార్పుకు వెళ్ళి, రోడ్డు మీద వండిన పప్పన్నం డబ్బాలో నాకూ తెచ్చిపెట్టేవాడు. "తిను అన్నా, దీనికి ప్రాంతం లేదు" అనేవాడు.

ఒకరోజు అతను తన రిజిస్టరు తెచ్చి నా ముందు తెరిచాడు.

"అన్నా, గీ ఎర్రమూత మోడల్ ఉన్నది సూడు, దీంట్ల డిస్కులు నిలుస్తలేవు. నాలుగు ఒచ్చినయ్ వాపస్. అన్నిటికి ఒకటే రోగం. కదిలిస్తే ఖతం. ఇంట్ల బల్ల మీద వెట్టుకునేటోళ్ళకు ఇయ్యి. తిరిగేటోళ్ళకు మాత్రం ఇయ్యకు."

సరేనన్నాను. ఆ వారమే మా యజమాని మమ్మల్ని గాజు గదిలోకి పిలిచాడు. ఎర్రమూత లాటు మొత్తం అలాగే ఉండిపోయిందని, వ్యాపారం ఇలా ఉంటే ముగ్గురిని పోషించలేనని, అది కదలకపోతే ఒకరు మానుకోవాల్సి వస్తుందని చెప్పాడు. చెబుతున్నంతసేపూ నా వైపే చూశాడు. ముగ్గురిలో పెద్దవాణ్ణి నేను. యాభై దాటినవాడికి ఇంకో కౌంటరు దొరకదని నాకు తెలుసు, ఆయనకీ తెలుసు.

ఆ మర్నాడో, ఆ పై రోజో నేను చెప్పాలనుకున్న ఆ కస్టమరు వచ్చాడు. పొడుగ్గా, తెల్ల చొక్కాతో, మెడ చుట్టూ కండువాతో. గొంతు బొంగురుగా, రాళ్ళ మీద నీళ్ళు పారినట్టుంది. అయినా ప్రతి అక్షరం విడివిడిగా వినిపించింది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ సాగదీయాలో తెలిసిన గొంతు.

"సార్, నాకు ఇంక నెల రోజుల గొంతున్నది. దసరా దాటినంక దవాఖానల తీసేస్తరు. గీ లోపల నేను చెప్పాల్సిందంత చెప్పి ఓ కాడ పెట్టుకోవాలె. దానికి ఒక మిషన్ చూపియ్యుండ్రి."

నవ్వుతూనే చెప్పాడు. నేను కూర్చోమన్నాను. టీచరు పరీక్షలకు చదువుకునేవాళ్ళకు దిల్‌సుఖ్‌నగర్‌లోనే తెలుగు చెబుతాడట. పిల్లలు తెలుగు సారు అంటారట. గొంతులో పుండును ఆలస్యంగా కనిపెట్టారు. స్వరపేటిక తీసేయడం తప్ప దారి లేదన్నారు.

"పుస్తకాలున్నాయి కదండీ" అన్నాను, ఏదో అనాలని.

"పుస్తకం జూసి ఛందస్సు రాదు సార్. గురువు ఎంతసేపు, లఘువు ఎంతసేపు, గది చెవిల పడాలె. నోటికెళ్ళి నోటికి ఒచ్చే విద్య. నా నోరు మూసుకుంటున్నది గావట్టి ఈ తిప్పలు."

నేను నా నాలుగు ప్రశ్నలూ అడగనవసరం లేకుండా ఆయనే అన్నీ చెప్పాడు. "రోజు హయత్‌నగర్ నుంచి ఒస్త. బస్సుల్లేవు, ఆటో దొరికితే ఆటో, లారీ దొరికితే లారీ. దవాఖానల పొద్దుందాక కూసుంట. యాడ జర నిమ్మలంగ ఉంటే ఆడ తెరిచి మాట్లాడాలె. కరెంటు సంగతి మీకు ఎరికే. గొంతు పోయినంక గూడ ఇదే నాకు దిక్కు. ఏం జెప్పాలన్న టైపు చేసి చూపియ్యాలె గద."

ఆయనకు ఇవ్వాల్సిన మిషను నా వెనక అరలోనే ఉంది. చిన్నది, నల్లది, మందంగా ఉండేది. వెనక బ్యాటరీ మూపురంలా పొడుచుకొచ్చి, చూడ్డానికి టిఫిన్ డబ్బాలా ఉండేది. కానీ కరెంటు లేకుండా ఆరు గంటలు నడిచేది. ఎంత తిప్పినా వెనక్కి వచ్చినట్టు సర్వీసు రిజిస్టరులో ఒక్క లైను లేదు. నా చెయ్యి దాని మీదకు వెళ్ళింది కూడా. అప్పుడు గాజు గదిలో మా యజమాని తలెత్తి చూశాడు. నా చెయ్యి పక్క అరకు జరిగింది. ఎర్రమూత మిషను తీసి ఆయన ముందు తెరిచాను.

తర్వాత పావుగంట నేను మాట్లాడాను. పెద్ద తెర, పిల్లలకు మీ పెదవులు స్పష్టంగా కనపడతాయి, కెమెరా మంచిది, మైకు మంచిది అన్నాను. అవన్నీ నిజమే. అబద్ధాలమ్మేవాడు దొరికిపోతాడు, నిజాల్లో కొన్ని ఏరుకుని అమ్మేవాడు దొరకడు.

"ఆటోల ఊగుతది, ఏం గాదు గద?"

"ల్యాప్‌టాప్ అంటేనే ప్రయాణం కోసమండీ."

"దీంట్ల వెట్టింది ఎటు వోదు గద సార్?"

"ఎక్కడికి పోతుందండీ!"

కొన్న ప్రతివాడికీ పెట్టె చేతికిస్తూ ఒక మాట చెప్పేవాణ్ణి: ముఖ్యమైనవి రోజూ పెన్ డ్రైవులోకి కూడా ఎక్కించుకోండి అని. ఆ రోజు ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే మిషను మీద అనుమానం ఉన్నట్టు ఆయనకు తడుతుందేమోనని మింగేశాను. ఆయన రెండు చేతులూ జోడించి, పెట్టెను చంటిబిడ్డలా ఎత్తుకుని మెట్లు దిగాడు.

సర్వీసు బల్ల దగ్గర నుంచి మా వాడు తల బయట పెట్టాడు.

"ఎర్రమూత వోయిందా అన్నా? ఎవరికిచ్చినవ్?"

"ఒక లెక్చరరుగారికి."

"తిరిగేటాయన గాదు గద?"

"కాదు. ఇంట్లోనే వాడుకుంటాడట."

ఆ అబద్ధం ఎందుకు చెప్పానో నాకు తెలుసు. చెప్పకపోతే అతను పరుగున మెట్లు దిగి ఆయన్ని ఆపేసేవాడు.

రెండు వారాల తర్వాత చైతన్యపురి దగ్గర ఒక ఊరేగింపు వల్ల రోడ్డు ఆగిపోతే, నేను పక్కన నిలబడ్డాను. కిక్కిరిసిన ఆటోలో అంచున కూర్చుని, బ్యాగు గుండెలకు హత్తుకుని, తెలుగు సారు కనిపించాడు. నన్ను చూసి గుర్తుపట్టి చెయ్యి ఊపాడు. డప్పుల మోతలో, ఆ అరిగిపోయిన గొంతును ఇంకా అరగదీస్తూ అరిచాడు: "పదహారు పాఠాలైనయ్ సార్!"

నేనూ చెయ్యి ఊపాను. ఆటో పది నిమిషాలు అక్కడే ఉంది. ఐదడుగులు వేసి, ఆయన చెవిలో ఒక్క మాట చెప్పి ఉంటే ఆ పదహారైనా మిగిలేవి. జనం మధ్యలో నా యాస వినపడుతుందని భయపడ్డాననుకున్నాను అప్పుడు. చాలా రోజులు అలాగే అనుకున్నాను. నిజానికి ఆయన ముఖంలోని సంతోషం చూసి భయపడ్డాను.

దసరా వెళ్ళింది. సమ్మె కూడా ముగిసి బస్సులు తిరగడం మొదలైంది. ఒకరోజు పొద్దున షట్టరు ఎత్తుతుండగానే ఒకావిడ మెట్లెక్కి వచ్చింది. చేతిలో ఎర్రమూత మిషను ఉన్న బ్యాగు. వెనకే తెలుగు సారు. మెడకు తెల్ల గుడ్డ కట్టి ఉంది. ఊపిరి తీసినప్పుడల్లా ఆ గుడ్డ లోపలికీ బయటికీ కదులుతోంది. నన్ను చూసి నమస్కారం పెట్టాడు. నోరు తెరిచి, ఏదో అనబోయి, మూసేశాడు. ఇంకా అలవాటు పోలేదు.

ఆవిడ ఆయన భార్య. ఆవిడే చెప్పింది. "నల్లగ ఒచ్చి ఆగిపోతున్నది సార్. లోపల గడియారం లెక్క టిక్కుటిక్కుమంటున్నది. దవాఖానల ఉన్నన్ని దినాలు నేను తెరవలే. మొన్న పిల్లలకు పాఠం పెడ్దామని తెరిస్తే గిట్ల."

మా వాడు మిషనును తీసుకుని చెవి ఆనించి విన్నాడు. తర్వాత తలెత్తి ముందు వాళ్ళిద్దరినీ, ఆ తర్వాత నన్నూ చూశాడు. ఆటోల్లో తిరిగేటోడా కాదా అని మళ్ళీ అడగలేదు. బ్యాగు అంచులకు పట్టిన దుమ్మే చెప్పింది.

ఆ రోజంతా అతను వేరే పని ముట్టుకోలేదు. డిస్కు బయటికి తీశాడు. వేరే మిషనుకు తగిలించాడు. రెండుసార్లు కరెంటు పోయి మళ్ళీ మొదటికొచ్చింది. వాళ్ళిద్దరూ ప్లాస్టిక్ కుర్చీల్లో కదలకుండా కూర్చున్నారు. మధ్యాహ్నం ఆవిడ తెచ్చుకున్న డబ్బా విప్పి, ముందు మా వాడికి పెట్టింది. "తిను బిడ్డా, పొద్దటి నుంచి వంగినవ్" అంది. అతను రెండు ముద్దలు తిని మళ్ళీ వంగాడు. ఆయన ఏమీ తినలేదు. మింగడం ఇంకా కష్టమని ఆవిడ చెప్పింది. ఇంకో మాట కూడా చెప్పింది: ముప్పై ఒక్క పాఠాలు చెప్పాడట. గొంతుకు విశ్రాంతి ఇవ్వమని డాక్టర్లు తిట్టినా వినలేదట. ఆఖరి వారం నెత్తురు ఉమ్ముతూ చెప్పాడట.

నాలుగింటికి ఒక ఫైలు తెరుచుకుంది. "ఒచ్చింది!" అని మా వాడు అరిచాడు. అందరం తెర చుట్టూ చేరాం.

తెర మీద తెలుగు సారు. తెల్ల చొక్కా. వెనక దవాఖాన గోడ. చెయ్యెత్తి, వేళ్ళతో లెక్క వేస్తూ, పాఠం చెబుతున్నాడు. పెదవులు కదులుతున్నాయి. కనుబొమ్మలు లేస్తున్నాయి. శబ్దం లేదు.

మా వాడు స్పీకరు పెంచాడు. ఇయర్‌ఫోన్ పెట్టి చూశాడు. ఇంకేదో చేశాడు. బొమ్మే తప్ప మాట రాలేదు. "ఆవాజ్ భాగం కరాబైంది" అన్నాడు మెల్లగా.

ఆవిడ తెరకేసి చూసి, పక్కనున్న భర్తకేసి చూసింది. అక్కడా పెదవులు కదులుతున్నాయి. తెర మీద తను ఏం చెబుతున్నాడో పోల్చుకోవడానికి తన పెదవులతోనే అంటూ చూసుకుంటున్నాడు ఆయన. ఒక చెయ్యి మెడ మీది గుడ్డను పట్టుకుని ఉంది.

"బంద్ చెయ్యి బిడ్డా" అంది ఆవిడ. "చాలు."

అతను ఆపకముందే బొమ్మ బిగుసుకుపోయింది. డిస్కు మళ్ళీ తిరగలేదు. ఆ తర్వాత వేరే చోటికి కూడా పంపించాం. ఏమీ రాలేదు.

ఆ సాయంత్రం వెళ్ళేముందు ఆవిడ నా దగ్గరికి వచ్చింది. "మీరు మంచిదే జూసి ఇచ్చిన్రు సార్. మా నసీబు గిట్లున్నది, మీరేం జేస్తరు" అంది. నన్నెవరైనా కొట్టి ఉంటే ఇంతకన్నా తేలిగ్గా ఉండేది. మా వాడు అప్పటికే యజమానితో గొడవపడి, మిషను మార్చి ఇచ్చేలా ఒప్పించాడు. వెనక అరలోంచి ఆ నల్లటి చిన్న మిషను తీసి నేనే ఆయన చేతిలో పెట్టాను. సరైన మిషను, నెలన్నర ఆలస్యంగా. అందులో చెప్పుకోవడానికి ఆయన దగ్గర గొంతు లేదు.

వాళ్ళు వెళ్ళాక మా వాడు రిజిస్టరులో ఐదో లైను రాశాడు. రాసి, పెన్ను పక్కన పెట్టాడు.

"చెప్పిన గదన్నా."

నేను నల్ల మిషను తీసిన అరలో ఖాళీని సర్దుతున్నాను.

"గిన్ని దినాలు రోడ్డు మీద ఎవడన్న నిన్ను ఆంధ్రోడా అని అడిగితే, మా అన్న అని చెప్పిన. రేపు ఎవడన్న అడిగితే ఏం చెప్పాలె?"

అతను అరవలేదు. అరిచి ఉంటే నేనూ అరిచేవాణ్ణి, యజమాని పేరు చెప్పేవాణ్ణి, నా వయసు చెప్పేవాణ్ణి. మర్నాటి నుంచి అతను నన్ను సార్ అని పిలిచాడు. డబ్బాలో అన్నం తేవడం మానేశాడు. నెల తిరక్కుండా కోఠీ వైపు ఇంకో దుకాణంలో చేరిపోయాడు. ముగ్గురిలో ఒకరు తగ్గాలన్న మా యజమాని కోరిక అలా తీరింది. నా ఉద్యోగం నిలబడింది. ఇంకో ఏడేళ్ళు అదే కౌంటర్లో నిలబడ్డాను.

మీలో సేల్స్ చేసేవాళ్ళు ఇక్కడ నేనేదో నీతి చెబుతానని అనుకుంటారు. నా దగ్గర లేదు. ఆ తర్వాత నేను ఎవరికీ చెడ్డ మిషను అమ్మలేదంటే అదీ అబద్ధమే అవుతుంది. టార్గెట్లు అలాగే ఉన్నాయి, నేనూ అలాగే ఉన్నాను. పెన్ డ్రైవు మాట మాత్రం ఎవరికీ చెప్పకుండా పంపలేదు. కొందరు విసుక్కునేవాళ్ళు కూడా, ఎన్నిసార్లు చెబుతారండీ అని.

ఇక ఒక్కటే మిగిలింది. మా వాడు వెళ్ళిపోయిన తర్వాత ఒక ఆదివారం నేను హయత్‌నగర్ వెళ్ళాను. బిల్లు మీద చిరునామా ఉంది. బస్ డిపో వెనక సందులో పెంకుటిల్లు. తెలుగు సారు వసారాలో చాప మీద కూర్చుని ఉన్నాడు. ఎదురుగా ఇద్దరు విద్యార్థులు. నల్ల మిషను మీద టైపు చేసి చూపిస్తున్నాడు, వాళ్ళు రాసుకుంటున్నారు. ఇరవై ఏళ్ళు టైపు నేర్పినవాణ్ణి కదా, కళ్ళు వేళ్ళ మీదకే వెళ్ళాయి. రెండు వేళ్ళతో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొడుతున్నాడు. ఒక వాక్యం అయ్యేసరికి పిల్లల్లో ఒకడు ఆవులించాడు.

వాళ్ళు వెళ్ళాక నేను మొత్తం చెప్పాను. వెనక్కొచ్చిన నాలుగు మిషన్లు, రిజిస్టరు, నా చెయ్యి ఒక అర నుంచి ఇంకో అరకు జరగడం, నేను మింగేసిన మాట, చైతన్యపురిలో ఆటో. నాకు ఉద్యోగ భయం ఉందని కూడా చెప్పాను. చెప్పాక అది చెప్పకుండా ఉండాల్సిందనిపించింది.

ఆయన చివరిదాకా విన్నాడు. కళ్ళు తిప్పలేదు. తర్వాత వేళ్ళు మీటల మీద పెట్టాడు. నేను తెరవైపు వంగాను. తిట్టయినా సరే, ఒక్క మాట కోసం ఎదురుచూశాను. చాలాసేపు అలా వేళ్ళు పెట్టి ఉంచి, ఒక్క అక్షరం కూడా కొట్టకుండా తీసేశాడు. మూత మూశాడు. లేచి లోపలికి వెళ్ళిపోయాడు.

గుమ్మంలో నిలబడి ఆవిడ అంతా విన్నదని అప్పుడు చూశాను. గేటు దాకా నా వెంట వచ్చింది.

"సారు కోపంగా ఉన్నారా అమ్మా?" అన్నాను. ఎంత తెలివితక్కువ ప్రశ్నో అడిగాక తెలిసింది.

ఆవిడ గొంతు పెంచలేదు. "ఆపరేషన్‌కు పోయే ముందటి దినం నన్ను బయటికి తోలి, తలుపేసుకొని ఆ ఎర్రమూత మిషన్ల చానాసేపు మాట్లాడిండు. పాఠం గాదు. నీ కోసమే అన్నడు. దవాఖానకెళ్ళి ఒచ్చినంక విను అన్నడు. ముప్పై ఏండ్ల సంసారంల నాతోని నాలుగు మాటలు ఎక్వ మాట్లాడిన మనిషి గాదు. ఏం జెప్పినవో రాయమని రోజు కాళ్ళు పట్టుకుంటున్న. నాకే రాస్తలేడు. మీకేం రాస్తడు?"

గేటు గొళ్ళెం లోపలి నుంచి వేసుకుంది. "మల్ల రాకుండ్రి" అంది.

మెయిన్ రోడ్డు మీదకు వచ్చి నిలబడ్డాను. బస్సులు మామూలుగా తిరుగుతున్నాయి. ఎల్.బి.నగర్ వైపు వెళ్ళేవి ఒకదాని వెనక ఒకటి నా ముందు ఆగాయి. కండక్టర్లు రమ్మని కేకలు వేశారు. ఎక్కడికని అడిగితే నోరు తెరిచి చెప్పాలి కదా అనిపించి, ఏదీ ఎక్కకుండా నడక మొదలుపెట్టాను.